హోమ్‌స్టెడ్ భూమి ఉచితమైతే రైల్వే దగ్గర ఎందుకు కొన్నారు?

అమెరికాలో 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద, ఐదేళ్లు కాపురముండి సాగు చేసేవాళ్లకు ప్రభుత్వం 160 ఎకరాలు ఊరికే ఇస్తుంటే, నెబ్రాస్కా, కాన్సాస్ రైతులు రైల్వే కంపెనీలకు డబ్బు కట్టి పొలాలు ఎందుకు కొన్నారని ఒకరు అడిగారు. కిటుకంతా సెక్షన్ నంబరులో ఉంది.

అక్కడి సర్వేలో టౌన్‌షిప్ అంటే ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు. అందులో 36 సెక్షన్లు, ఒక్కోటి 640 ఎకరాలు. సెక్షన్ నంబరు ఈశాన్య మూలలో 1తో మొదలై పడమటికి 6 దాకా పోతుంది. కింది వరుసలో 7 నుంచి తూర్పుకు తిరుగుతుంది, నాగలి చాలు మళ్లినట్టు. 1862 రైల్వే చట్టానికి 1864లో చేసిన సవరణతో యూనియన్ పసిఫిక్ రైల్వే కంపెనీకి పట్టాలకు రెండు వైపులా 20 మైళ్ల లోపు బేసి సెక్షన్లు దక్కాయి. అంటే మైలు లైనుకు 12,800 ఎకరాలు. సరి సెక్షన్లు ప్రభుత్వానివి, వాటిలో 16, 36 బడులకు.

చాలామంది గమనించనిది ఇక్కడే ఉంది. ఇచ్చిన భూమి విలువ రాబట్టుకోవడానికి ప్రభుత్వం ఆ మేరలో తన సెక్షన్ల కనీస ధరను ఎకరం 1.25 డాలర్ల నుంచి 2.50కి పెంచింది. అక్కడ హోమ్‌స్టెడ్ కూడా 1879 దాకా 80 ఎకరాలే, అంతర్యుద్ధంలో పోరాడిన సైనికులకు మాత్రం అంతకు ముందే సడలించారు. పూర్తి 160 ఉచితంగా కావాలంటే లైనుకు 20 మైళ్లు దాటి పోవాలి. గుర్రబ్బండి మీద గోధుమలు వేసుకుని స్టేషన్‌కు పోయి చీకటి పడేలోగా ఇల్లు చేరాలంటే ఏడెనిమిది మైళ్లే ఎక్కువ. అందుకే 80 హోమ్‌స్టెడ్‌గా తీసుకుని, పక్కనున్న బేసి సెక్షన్‌లో కొంత కొనడం తెలివైన పని. బర్లింగ్టన్ రైల్వే కంపెనీ 1870లలో 6 శాతం వడ్డీకి పదేళ్ల వాయిదాల మీద అమ్మింది, అసలు కట్టడం నాలుగేళ్ల తర్వాతే మొదలు. హోమ్‌స్టెడ్‌లోలాగా ఐదేళ్లు అక్కడే కాపురముండాలన్న షరతూ లేదు.

దెబ్బతిన్నది ఎక్కడంటే, 100వ రేఖాంశానికి పడమట. వాన ఏటా 20 అంగుళాల లోపే. దుక్కి దున్నితే వాన దానంతటదే వస్తుందన్న ప్రచారాన్ని నమ్మి వెళ్లినవాళ్లు 1890ల కరువులో ఇళ్లు వదిలేశారు. అంతకు ముందు 1874లో మిడతల దండు పైరంతా తినేసింది. మరో అన్యాయం: కంపెనీలు పట్టా తీసుకోవడం కావాలని ఆలస్యం చేసేవి, పట్టా లేనిదే కౌంటీ (జిల్లాలాంటి స్థానిక ప్రభుత్వం) పన్ను వేయలేదు. రోడ్డు, బడి ఖర్చు చిన్న రైతు నెత్తిన పడింది. అసలు ఈ భూమి ఖాళీగా లేదు. ఆదివాసుల హక్కులను వీలైనంత త్వరగా రద్దు చేస్తామని 1862 రైల్వే చట్టంలోనే రాశారు. ప్లాట్ నది లోయలో ఉండే పానీ తెగవాళ్లను 1870లలో ఓక్లహోమాకు పంపేశారు.

మీ దగ్గర ఆ రైల్వే మేరలోని భూమి పాత దస్తావేజు ఉంటే సెక్షన్ నంబరు చూడండి. సరి అయితే (బడులకిచ్చిన 16, 36 తప్ప) ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ పట్టా వెతకాలి, బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. బేసి అయితే మొదటి పట్టా మామూలుగా కంపెనీ పేరిటే ఉంటుంది, రైతు కొన్న కాగితం కోసం కౌంటీ రిజిస్టర్లు చూడాలి. బేసి సెక్షన్‌లో నేరుగా రైతు పేరున హోమ్‌స్టెడ్ పట్టా కనిపిస్తే తప్పనుకోకండి. లైను దారి ఖరారయ్యే ముందే ఎవరైనా అక్కడ హక్కు నమోదు చేసుకుని ఉంటే, ఆ ముక్క కంపెనీకి పోయేది కాదు.