కెరటాల కబుర్లు: 1.4 మీటర్లే కదా అని దిగేయొచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా రీఫ్ గురించే. ఇసుక తీరంలో సర్ఫింగ్ నేర్చుకున్నవాళ్లు పగడపు దిబ్బ మీద విరిగే అల వైపు చూడటం మొదలుపెట్టారన్నమాట. సంతోషమే. కానీ అందరూ ఫోర్‌కాస్ట్‌లో ఒకే ఒక్క అంకె పట్టుకుని అడుగుతున్నారు. అందుకే మొదటి ఉత్తరానికి జవాబు కాస్త పెద్దదైంది. మిగతావాళ్లు కోప్పడకండి.

ప్రశ్న: సార్, నమస్కారం. ఏడాదిగా ఇసుక తీరంలో నేర్చుకుంటున్నాను. ఛాతీ ఎత్తు అలలు బాగానే పడతాను. వచ్చే శనివారం మొదటిసారి మిత్రులతో ఓ రీఫ్‌కి వెళ్దామనుకుంటున్నాం. అది నైరుతి ముఖంగా ఉంటుంది. ఫోర్‌కాస్ట్‌లో చూపించే ఆటు సమయానికి దిబ్బ మీద మోకాలి లోతు నీళ్లే ఉంటాయట. ఫోర్‌కాస్ట్ ఇదీ: స్వెల్ (దూరం నుంచి ప్రయాణించి వచ్చే అలలు) 1.4 మీటర్లు, 15 సెకన్లు, దిశ 205 డిగ్రీలు. గాలి ఉదయం తూర్పు ఈశాన్యం నుంచి 6 నాట్లు, మధ్యాహ్నం నైరుతి నుంచి 14 నాట్లు. పోటు ఉదయం 9.10కి 1.9 మీటర్లు, ఆటు మధ్యాహ్నం 3.20కి 0.3 మీటర్లు. 1.4 మీటర్లంటే ఛాతీ ఎత్తే కదా, దిగొచ్చా?

జవాబు: వివరాలన్నీ రాశారు, మెచ్చుకోవాలి. కానీ మీ చూపంతా 1.4 మీదే ఉంది. దాని పక్కనున్న 15ని వదిలేశారు.

ముందు 1.4 సంగతి. అది రీఫ్ దగ్గర విరిగే అల ఎత్తు కాదు. బయట లోతు నీళ్లలో అలలన్నిటినీ కొలిచి, వాటిలో పెద్దవైన మూడో వంతు తీసుకుని కట్టిన సగటు. అంటే అంతకంటే పెద్దవి ఎలాగూ వస్తాయి. ఓ రెండు మూడు గంటలు నీళ్లలో ఉంటే ఈ అంకెకు దాదాపు రెట్టింపు అల ఒకటైనా ఎదురవుతుందని లెక్క వేసుకునే దిగాలి.

ఇక 15 సెకన్లు. ఒక అల శిఖరానికీ తర్వాతి శిఖరానికీ మధ్య గడిచే సమయమిది, దాన్నే పీరియడ్ అంటాం. లోతు నీళ్లలో అల పొడవు కట్టాలంటే ఈ సెకన్లను వాటితోనే గుణించి, వచ్చినదాన్ని మళ్లీ 1.56తో గుణించాలి. 15 సెకన్లకు 351 మీటర్లు వస్తుంది. అదే 8 సెకన్ల అలైతే 100 మీటర్లే. తన పొడవులో సగం లోతుకు వచ్చేసరికి అలకు అడుగు తగలడం మొదలవుతుంది. 8 సెకన్ల అలకు 50 మీటర్ల లోతు దాకా అడుగున ఏముందో తెలియనే తెలియదు. మీ 15 సెకన్ల అలకు 175 మీటర్ల లోతు నుంచే తెలుస్తుంది. అక్కడి నుంచే నెమ్మదిస్తూ, వంగుతూ, దిబ్బ ఎటుంటే అటు తిరుగుతూ, తన బలాన్నంతా దగ్గరికి లాక్కుంటూ వస్తుంది. ఒడ్డు చేరేసరికి లేచి నిలబడుతుంది.

ఎంత లేస్తుందో మామూలు సూత్రం ప్రకారం కట్టి చూశాను. 1.4 మీటర్లు, 8 సెకన్లయితే విరిగే చోట సుమారు 1.8 మీటర్లు. అదే 1.4, 15 సెకన్లయితే 2.4 మీటర్లు. ఇది చదునైన తీరానికి వేసిన లెక్క. దిబ్బ ఆకారం అలను ఒకే చోటికి వంచిందంటే ఇంకా పెరుగుతుంది. సెట్‌లో, అంటే వరుసగా వచ్చే పెద్ద అలల గుంపులో, పెద్ద అల మూడు మీటర్లు దాటినా నేను ఆశ్చర్యపోను. మీరు అనుకున్న ఛాతీ ఎత్తు ఎక్కడ, ఇదెక్కడ!

పైగా ఇసుక తీరంలో అల మెల్లగా విరుగుతుంది, దిబ్బ మీద అలా కాదు. లోతు ఒక్కసారిగా తగ్గిపోవడంతో అల కాళ్లకు ఏదో అడ్డం తగిలినట్టు ముందుకు తూలి, పైభాగం గొట్టంలా చుట్టుకుని పడుతుంది. పసిఫిక్ దీవి తాహితీలోని తియాహుపో రీఫ్ అంత పేరు మోసింది ఇందుకే. అక్కడ దిబ్బ బయట సముద్రం గభాలున లోతైపోతుంది, అలకు నెమ్మదించే వ్యవధి ఉండదు.

ఇప్పుడు నీటి మట్టం. చాలామంది పోటు టైము, ఆటు టైము చూసి ఊరుకుంటారు. మధ్యలో నీళ్లు ఒకే వేగంతో దిగవు. ఆరు గంటలకు ఒక మోటు లెక్క ఉంది. మొత్తం తేడాలో మొదటి గంటలో పన్నెండో వంతు, రెండో గంటలో రెండు వంతులు, మూడు నాలుగు గంటల్లో మూడేసి వంతులు, ఆ తర్వాత రెండు, చివరికి ఒకటి. మీకు పోటుకీ ఆటుకీ తేడా 1.6 మీటర్లు. అంటే సుమారు 11.10 నుంచి 1.15 లోపు 80 సెంటీమీటర్ల నీళ్లు జారుకుంటాయి. ఉదయం 9 గంటలకు దిబ్బ మీద రెండు మీటర్ల పైచిలుకు నీళ్లు. పదిన్నరకు కూడా అంతకు కాస్త తక్కువే, కంగారు లేదు. ఒంటి గంటకు మాత్రం మీటరు కూడా ఉండదు. అది కూడా అల లేనప్పటి మాట. అల లేచేటప్పుడు ముందున్న నీళ్లను లాక్కుంటుంది కాబట్టి, సరిగ్గా మీరు పడే చోట, మీరు పడే క్షణంలో, లోతు ఇంకా తక్కువ.

గాలి మీకు కలిసొచ్చింది. నైరుతి ముఖంగా ఉన్న రీఫ్‌కి తూర్పు ఈశాన్యం గాలంటే నేల మీద నుంచి సముద్రంలోకి వీచే ఆఫ్‌షోర్ గాలి. 6 నాట్ల (గంటకు సుమారు 11 కిలోమీటర్ల) గాలి అల ముఖాన్ని నున్నగా ఉంచుతుంది. మధ్యాహ్నం నైరుతి 14 అంటే ఎదురుగాలి, అంతా చెదిరిపోతుంది. నీళ్లు తగ్గడం, గాలి తిరగడం దాదాపు ఒకే వేళ కాబట్టి ఆ రీఫ్ తెలిసినవాళ్లు ఆ రోజు 7 నుంచి పదిన్నర మధ్య దిగి, వచ్చేస్తారు.

మీ సంగతి అడిగారు కాబట్టి సూటిగా చెబుతాను: ఆ శనివారం మీరు అలలు పట్టే రోజు కాదు. వెళ్లండి, చూడండి. ఆ రీఫ్ ఎరిగినవాళ్లు తోడుంటే, అలలు విరగని లోతైన ఛానెల్ గుండా పాడిల్ చేసుకుంటూ వెళ్లి పక్కన కూర్చుని చూడండి. ఒక మీటరు లోపు, 9 లేదా 10 సెకన్లు, పోటు దగ్గరి వేళ, గాలి తక్కువ ఉన్న రోజు మళ్లీ రాయండి, దిగమనే చెబుతాను.

ప్రశ్న: ఒకే రీఫ్‌కి ఒక యాప్ 1.2 మీటర్లంటుంది, ఇంకోటి 2 మీటర్లంటుంది. ఎవరిని నమ్మాలి?

జవాబు: ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు. ఒకరు బయట లోతు నీళ్లలో స్వెల్ ఎత్తు ఇస్తారు, ఇంకొకరు విరిగే అల ముఖం ఎత్తు అంచనా కట్టి ఇస్తారు. హవాయి పాతకాపులైతే వేరే లెక్క, అల ముఖంలో సుమారు సగమే చెబుతారు. మనం పది అడుగులన్న అల వాళ్లకు ఐదడుగులు. ఆ యాప్ దేన్ని కొలుస్తోందో దాని వివరాల పేజీలో ఉంటుంది, ఒకసారి చదవండి.

ఇంకో సంగతి. చాలా యాప్‌ల వెనక ఉండేది అమెరికా వాతావరణ, సముద్ర సంస్థ నోవా నడిపే ప్రపంచ నమూనా లాంటివే. అవి సముద్రాన్ని కిలోమీటర్ల కొద్దీ వెడల్పున్న గళ్లుగా విడగొట్టి లెక్కిస్తాయి. మీ రీఫ్ మొత్తం కలిపినా అందులో ఒక గడి కూడా నిండదు. దిబ్బ ఎక్కడ ఉబ్బి ఉంది, ఛానెల్ ఎక్కడుంది, ఇవేవీ నమూనాకు కనబడవు. అందుకని ఒక్క యాప్‌నే పట్టుకుని దాని వాలకం తెలుసుకోండి. నాలుగు చూస్తే నచ్చిన అంకె నమ్మాలనిపిస్తుంది.

ప్రశ్న: నిన్న ఫోర్‌కాస్ట్‌లో 0.4 మీటర్లు, 19 సెకన్లు అని ఉంది. ఇంత చిన్న అలకు అంత పీరియడా? తప్పు పడిందా?

జవాబు: తప్పు కాదు. ఎక్కడో దూరాన పెద్ద తుఫాను రేగిందని కబురు. ఒకే తుఫానులో అన్ని రకాల పీరియడ్‌ల అలలూ పుడతాయి, కానీ పొడుగు పీరియడ్‌వి వేగంగా పోతాయి. పీరియడ్‌ను ఒకటిన్నరతో గుణిస్తే స్వెల్ ఎన్ని నాట్ల వేగంతో వస్తోందో తెలుస్తుంది. 19 సెకన్లది 28 నాట్లు దాటుతుంది, 12 సెకన్లది 18 దగ్గరే ఆగుతుంది. కాబట్టి ముందు సన్నగా 19, 20 సెకన్లవి వస్తాయి, తర్వాత 17, 16... పీరియడ్ దిగుతుంటే ఎత్తు పెరుగుతుంది. రెండు మూడు పూటల అంకెలు వరుసగా పెట్టి చూడండి, స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ లెక్కను సముద్రం మీదే రుజువు చేసి చూపినవాళ్లలో ముఖ్యుడు సముద్ర శాస్త్రవేత్త వాల్టర్ మంక్. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 నార్మండీ దాడికి సైన్యం ఏ రోజు ఒడ్డున దిగొచ్చో అంచనా కట్టేందుకు వాడిన అలల పద్ధతిని హెరాల్డ్ స్వెర్డ్రప్‌తో కలిసి తయారుచేసింది ఆయనే. 1963లో పసిఫిక్ పొడుగునా కొలత కేంద్రాలు పెట్టి, దక్షిణార్ధగోళపు తుఫానుల్లో పుట్టిన స్వెల్ పది వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి అలాస్కా దాకా చేరడాన్ని ఆయన బృందం పట్టుకుంది. మనం ఫోన్‌లో చూసే, స్వెల్ దిశ చూపే ఆ చిన్న బాణం గుర్తు వెనక ఇంత కథ ఉంది.

జాగ్రత్త మాట కూడా చెప్పాలి. ఇలాంటి రోజు రీఫ్ చూడటానికి నిద్రపోతున్నట్టే ఉంటుంది. పావుగంట, ఇరవై నిమిషాలు ఏమీ రాదు. జనం ధైర్యం చేసి దిబ్బ అంచు దాకా నడిచి వెళ్లి ఫొటోలు దిగుతారు. అప్పుడొస్తుంది సెట్. 0.4 అంకె చూసి పిల్లల్ని దిబ్బ మీదికి తీసుకెళ్లకండి.

ప్రశ్న: ఆఫ్‌షోర్ గాలి మంచిదంటారు కదా అంకుల్, ఎంత ఎక్కువైతే అంత మంచిదా?

జవాబు: కాదు తమ్ముడూ. పది నాట్ల దాకా హాయి. ఇరవై దాటితే అల మీద నుంచి లేచే తుంపర కళ్లలో కొడుతుంది, బోర్డు కిందికి గాలి దూరి టేక్-ఆఫ్ (అల పట్టి లేచి నిలబడే) దగ్గరే ఆపేస్తుంది. లీష్ (బోర్డును కాలికి కట్టే తాడు) తెగిందా, బోర్డు సముద్రంలోకి, నువ్వు దాని వెనక. ఆ వెనక వెళ్లడమే వద్దు.

ప్రశ్న: సెలవు పెట్టాలి, టికెట్లు తీయాలి. 16 రోజుల ఫోర్‌కాస్ట్ చూసి తేదీ ఖాయం చేసుకోవచ్చా?

జవాబు: ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! పదహారో రోజు స్వెల్‌ని పుట్టించాల్సిన తుఫానే ఇంకా పుట్టి ఉండదు. తుఫాను పుట్టాక, స్వెల్ దారిలో ఉన్నాక, మూడు నాలుగు రోజుల ముందు మాట నమ్మొచ్చు. వారం దాటితే పోకడ మాత్రమే చూడండి. గాలి సంగతైతే రెండు రోజుల ముందు కూడా మారిపోతుంది.

2024 ఒలింపిక్స్ సర్ఫింగ్ తియాహుపోలో పెట్టినప్పుడు నిర్వాహకులు నాలుగు రోజుల పోటీకి జులై 27 నుంచి ఆగస్టు 5 దాకా పది రోజులు అట్టేపెట్టుకున్నారు. మధ్యలో పరిస్థితులు బాగోక వాయిదాలు వేసి, పతకాల పోటీలను చిట్టచివరి రోజున జరిపించారు. అన్ని వనరులున్నవాళ్లే అలా చేశారు. మీరూ ఒక తేదీ కాకుండా ఆ రీఫ్‌కి అనువైన కాలం చూసుకుని, వీలైనన్ని రోజులు పెట్టుకోండి.

ప్రశ్న: మా రీఫ్ మీద ఒకే ఎత్తు, ఒకే పీరియడ్ ఉన్నా ఒక రోజు అదిరిపోతుంది, ఇంకో రోజు చప్పగా ఉంటుంది. ఎందుకు మేడమ్? (సార్ అయితే క్షమించండి.)

జవాబు: సారే, క్షమించాను. మీరు మూడో అంకె రాయలేదు: దిశ. స్వెల్ ఎటు నుంచి వస్తోందో ఆ డిగ్రీలు చూడండి. దక్షిణం వైపు ఒక కొండ గానీ దీవి గానీ అడ్డముంటే 205 డిగ్రీల స్వెల్ నేరుగా వచ్చి తగులుతుంది, 185 డిగ్రీలది కొండ చాటున సగం అరిగిపోతుంది. ఇరవై డిగ్రీలే తేడా, ఫలితంలో మాత్రం ఎంతో తేడా.

ఇసుక తీరంలో ఈ లెక్క పట్టుకుందామంటే కుదరదు, ఇసుక దిబ్బలు ప్రతి గాలివానకీ చోటు మారుస్తాయి. రీఫ్ కదలదు. ఈ ఏడాది 205 డిగ్రీలు, 14 సెకన్లు, ఒక మీటరు నీటికి ఎలా విరిగిందో వచ్చే ఏడాదీ దాదాపు అలాగే విరుగుతుంది. అందుకే నోటుబుక్ పెట్టమంటాను. నా బుక్‌లో ఒక్కో రోజుకు ఒక్కో వరుసే: ఎత్తు, పీరియడ్, దిశ, గాలి, దిగిన వేళకు నీటి మట్టం, చివర రెండు ముక్కలు. "మూడో అల మూసుకుపోయింది", "పదిన్నర తర్వాత దిబ్బ తేలింది", ఇలాంటివి. బాగోలేని రోజులు కూడా రాయాలి, అవే ఎక్కువ పనికొస్తాయి.

ప్రశ్న: పగడం గీరుకుంటే ఏం చేయాలి?

జవాబు: ముందు, పడేటప్పుడు తలకిందులుగా దూకకండి. వెడల్పుగా, వీపు మీదో పక్కకో, పైపైన పడండి, చేతులతో తల కప్పుకోండి. గీరుకుందంటే బయటికి వచ్చి మంచినీళ్లూ సబ్బుతో బాగా రుద్ది కడగండి, మంట పుట్టినా సరే. కనబడే పగడపు ముక్కల్ని శుభ్రమైన పట్టకారుతో తీయండి. నిమ్మరసం పిండమనే స్నేహితుల మాట వినొద్దు. ఎర్రగా వాచినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టరుకు చూపించండి. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే అదీ చెప్పండి. పుండు మానేదాకా నీళ్లలోకి దిగకండి, స్వెల్ ఎంత బాగున్నా సరే.