తానా సభలకి పంపిన అమ్మాయిని ఈ సదస్సుకి ఎందుకు పంపరు?

తెనాలి నుంచి ఒక తల్లి రాశారు. వాళ్ళ అమ్మాయి టెక్సస్‌లో డేటా సైన్స్‌లో ఎంఎస్ మూడో సెమిస్టర్ చదువుతోంది. వీలు దొరికిన వారాంతాల్లో చుట్టుపక్కల ఊళ్ళు, పార్కులు తిరిగి తెలుగులో వీడియోలు పెడుతుంది. ఇప్పుడు మహిళా ట్రావెల్ క్రియేటర్ల (ప్రయాణాల మీద వీడియోలు, బ్లాగులు చేసేవాళ్ళ) సదస్సుకి వెళ్తానంటోంది. టికెట్టు, విమానం, హోటల్ కలిపితే తక్కువేం కాదు, పైగా ఎడ్యుకేషన్ లోన్ నెత్తిమీద ఉంది. "ఆ డబ్బుతో డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేస్తే నయం కదా? రెండిట్లో కెరీర్‌కి ఏది ఉపయోగమో చెప్పండి. వాళ్ళ నాన్నగారు అసలు ఒప్పుకోవడం లేదు. ఒంటరిగా ఊళ్ళు తిరిగే పిల్ల అని పేరు పడితే రేపు సంబంధాలు ఎలా?" అని అడిగారు. 2025 జూలైలో డెట్రాయిట్ దగ్గర జరిగిన తానా మహాసభలకి మాత్రం తామే టికెట్ కొని పంపామని కూడా రాశారు.

అమ్మా, ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తాయి. ఊరు మారుతుంది, కోర్సు పేరు మారుతుంది, పైకి అడిగేది ఖర్చు గురించి. లోపల ఉండే బెంగ ఒక్కటే: పిల్ల చదువు వదిలేసి ఈ వీడియోల వెంట పడుతుందేమో, అంత దూరాన ఉన్నదాన్ని మనం పట్టుకోలేమేమో అని. ముందు దానికే జవాబు చెబుతాను. మూడో సెమిస్టర్ దాకా వచ్చి, క్లాసులు పోగొట్టుకోకుండా వీడియోలు చేసుకుంటూ, ఖర్చయ్యే పని మీకు ముందే చెప్పి అడిగిన పిల్ల చదువు వదిలేసే బాపతు కాదు. వదిలేసేవాళ్ళు అడగరు. తరవాత ఎప్పుడో మనకి తెలుస్తుంది. మీ అమ్మాయి అడిగింది కాబట్టి మీరు సగం నిశ్చింతగా ఉండొచ్చు.

ఇక ఈ సదస్సులు ఏమిటో చూద్దాం. అమెరికాలో ట్రావెల్ బ్లాగర్ల సమావేశాలు కొత్తవి కావు. టీబెక్స్ అనేది 2009లో షికాగోలో మొదలైంది. అదే ఏడాది బెత్ శాంటోస్ అనే ఆవిడ ఒంటరిగా ప్రయాణించే ఆడవాళ్ళ కోసం మొదలుపెట్టిన బ్లాగు పెరిగి పెద్దదై వాండర్‌ఫుల్ అనే సంఘం అయింది. ఆ సంఘమే 2014లో షికాగోలో విమెన్ ఇన్ ట్రావెల్ సమిట్ పెట్టింది. దాన్నే విట్స్ అంటారు. ఆ తరవాత 2018లో కెనడాలోని క్యుబెక్ సిటీలో, 2019లో లాట్వియా రాజధాని రీగాలో కూడా జరిగింది. ఆడవాళ్ళకి ప్రత్యేకంగా ఎందుకు అని మీవారు అడగొచ్చు. రాత్రి పొద్దుపోయాక ఊరు చేరితే ఏ పేటలో దిగాలి, కామెంట్లలో వెంటపడేవాణ్ణి ఎలా వదిలించుకోవాలి, ఉన్న చోటు బయటపడకుండా వీడియో ఎప్పుడు పెట్టాలి అన్నవి మగవాళ్ళ సమావేశంలో ఎవరూ ఎత్తని సంగతులు. ఒంటరి ప్రయాణం గురించి మీకున్న భయాలన్నిటినీ అక్కడ మీకంటే వివరంగా మాట్లాడుకుంటారు. జవాబులు తెలిసినవాళ్ళు అక్కడ ఉంటారు.

ఒక్కమాట కటువుగా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. తానా సభలకి పంపారు. అక్కడా హోటలే, అక్కడా వేలమంది కొత్తవాళ్ళే, విమానం ఎక్కి ఒక్కతే వెళ్ళింది. అప్పుడు రాని టెన్షన్ ఇప్పుడు ఎందుకు వచ్చింది? అక్కడ అందరూ తెలుగువాళ్ళు, నలుగురికీ చెప్పుకోవచ్చు, కుదిరితే ఒక సంబంధం కూడా తగలొచ్చు. ఇక్కడ ఆ చివరిది లేదు. అమ్మాయి చేసే ప్రతి ప్రయాణాన్నీ పెళ్ళి లెక్కలో తూస్తూ, దాన్ని కెరీర్ సలహా పేరుతో నన్ను అడగడం సరి కాదు. లక్షలు అప్పు చేసి పిల్లని ఒంటరిగా సముద్రం దాటించినవాళ్ళు, అక్కడికి వెళ్ళాక ఇంకో రాష్ట్రానికి పంపడానికి భయపడితే ఎలాగమ్మా? మీవారికి కూడా ఇదే చెప్పండి.

ఇప్పుడు నాకున్న అనుమానాలు. ఇక్కడ మీ అమ్మాయి నా మాట శ్రద్ధగా వినాలి.

"ఉద్యోగం మానేసి ఫుల్‌టైమ్ ట్రావెల్ క్రియేటర్ అవుతాను" అనే మాట ఈమధ్య చాలామంది పిల్లల నోట వింటున్నాను. ఆ దారి మీద నాకు పెద్ద నమ్మకం లేదు. యూట్యూబ్‌లో వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ దాటితే యాడ్ల డబ్బు మొదలవుతుంది. మొదలవడం వేరు, దాంతో బతకడం వేరు. యాడ్ల రేటు చూసేవాళ్ళు ఏ దేశంలో ఉన్నారన్న దాని మీద ఆధారపడుతుంది, మన దగ్గర చూసేవాళ్ళకి ఆ రేటు తక్కువ. బ్రాండ్లు, టూరిజం శాఖలు ఇచ్చే డబ్బు నెలజీతంలా రాదు. ఒక నెల వస్తుంది, మూడు నెలలు రాదు, వచ్చినా బిల్లు పెట్టాక తిరగాలి. 2020లో కొవిడ్ వచ్చి ప్రయాణాలు ఆగిపోతే ఈ రంగంలో ఉన్నవాళ్ళ రాబడి ఒక్కసారిగా పడిపోయింది. వేరే ఉద్యోగమో, రాతపనో చేతిలో ఉన్నవాళ్ళు తట్టుకున్నారు. ఇంకోటి, అందరికీ కనిపించేది కొండ మీద నిలబడిన అమ్మాయి. ఆ రాత్రి హోటల్ గదిలో తెల్లవార్లూ ఎడిటింగ్ చేస్తున్న అమ్మాయి కనిపించదు. ప్రయాణాలంటే ఇష్టపడి మొదలుపెట్టి, వారానికి రెండు వీడియోల ఒత్తిడిలో ఆ ఇష్టాన్నే పోగొట్టుకున్నవాళ్ళున్నారు. సదస్సు వేదికల మీద మాట్లాడేది గెలిచినవాళ్ళు. మధ్యలో ఆపేసినవాళ్ళని ఎవరూ పిలవరు. ఆ సంగతి గుర్తుపెట్టుకుని వినాలి.

వీటన్నిటికంటే పెద్ద అడ్డు మీ అమ్మాయికి వీసా. ఎఫ్-1 మీద ఉన్న విద్యార్థి అనుమతి లేకుండా పని చేయకూడదు. సదస్సుకి వెళ్ళి కూర్చుని నేర్చుకుంటే ఏ ఇబ్బందీ లేదు. అక్కడ ఎవరైనా "రెండు రాత్రులు హోటల్ ఫ్రీగా ఇస్తాం, మూడు రీల్స్ చేసి పెట్టు" అంటే మాత్రం సంబరపడి ఒప్పుకోకూడదు. ప్రతిఫలం డాలర్ల రూపంలోనే ఉండాలని రూలు లేదు, ఊరికే ఇచ్చిన గది కూడా ప్రతిఫలం కిందికి రావొచ్చు. సదస్సుకి ముందో వెనకో ఆతిథ్య నగరం టూరిజం వాళ్ళు క్రియేటర్లని తిప్పి చూపించే ఉచిత టూర్లు కూడా అలాంటివే. బదులుగా వీడియో అడిగితే దూరంగా ఉండాలి. ఛానెల్ మీద యాడ్ల డబ్బు మొదలుపెట్టే ముందు యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని (డీఎస్ఓ), అవసరమైతే ఇమిగ్రేషన్ లాయర్ని అడగాలి. "అందరూ చేస్తున్నారు ఆంటీ" అనే మాటని ఇక్కడ అస్సలు లెక్కలోకి తీసుకోవద్దు.

చదువయ్యాక? ఓపీటీలో, అంటే చదువయ్యాక కొంతకాలం పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతిలో, చేసే పని డిగ్రీకి సంబంధించినదై ఉండాలి. ఉద్యోగం లేకుండా 90 రోజులు దాటకూడదు. ఎంఎస్ డేటా సైన్స్ చేసి ట్రావెల్ వీడియోలు నా ఉద్యోగం అంటే అది నిలబడటం కష్టం. ఆ తరవాత సైన్స్, టెక్నాలజీ లాంటి డిగ్రీలకి ఇచ్చే 24 నెలల స్టెమ్ పొడిగింపు కావాలంటే ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హతని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) నమోదైన కంపెనీలో ఉద్యోగం ఉండాలి. హెచ్-1బీ వర్క్ వీసా వచ్చినా అది ఇప్పించిన కంపెనీ పని వరకే. అంటే అమెరికాలో ఉన్నంతకాలం, గ్రీన్‌కార్డ్ దాకా, ఫుల్‌టైమ్ క్రియేటర్ అన్న ఆలోచనకి తలుపు దాదాపు మూసే ఉంది. మీ అమ్మాయి చదువు వదిలేస్తుందన్న మీ భయం ఎక్కువగా పెట్టుకోనక్కర్లేదని నేను అనడానికి ఇదొక కారణం. ఈ లెక్క తనకి బాగా తెలిసే ఉంటుంది. ఒకసారి నెమ్మదిగా అడిగి చూడండి.

మరి డబ్బు రాని పనికి సదస్సు ఎందుకు? ఎందుకో ఒక్క సంగతితో చెబుతాను. ఇలాంటి సభల్లో కొన్నిచోట్ల ఒక హాలు నిండా టేబుళ్ళు వేస్తారు. ఒక్కో టేబుల్ దగ్గర ఒక నగర టూరిజం ఆఫీసో, హోటల్ గ్రూపో, సామాన్ల కంపెనీయో కూర్చుంటుంది. క్రియేటర్లు వంతులవారీగా వెళ్ళి కొన్ని నిమిషాలు మాట్లాడి లేవాలి. అవతలి ఆవిడ అడిగే మొదటి ప్రశ్న "నీ వీడియోలు ఎవరు చూస్తారు?" అందరూ చూస్తారండి అంటే అక్కడితో సరి. "టెక్సస్‌లో, న్యూజెర్సీలో ఉండే తెలుగు కుటుంబాలు చూస్తాయి. వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఎక్కడికి తీసుకెళ్ళాలా అని వెతుక్కుంటారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పార్కింగ్ నుంచి ఎంత దూరం నడవాలి, శాకాహారం ఎక్కడ దొరుకుతుంది, బాత్‌రూమ్‌లు ఎలా ఉంటాయి, ఇవి నేను చెబుతాను" అంటే ఆవిడ పెన్ను తీస్తుంది. ఇప్పుడు ఒప్పందం చేసుకోకపోయినా ఫర్వాలేదు. తన అంకెలు తనకి కంఠతా ఉండటం, కొత్తవాళ్ళ ముందు తడబడకుండా రెండు నిమిషాల్లో విషయం తేల్చి చెప్పడం, లేదంటే లేదని మర్యాదగా చెప్పి లేవడం రేపు డేటా సైన్స్ ఇంటర్వ్యూలో అక్షరాలా పనికొస్తాయి. మన పిల్లలు కోడింగ్‌లో ఓడిపోరు, ఇక్కడే ఓడిపోతారు.

రెండోది తోడు. ఎంఎస్ చదివే పిల్లలు ఎంత ఒంటరిగా ఉంటారో ఇంటికి ఫోన్‌లో చెప్పరు. అపార్ట్‌మెంట్, క్యాంపస్, క్యాంపస్ ఉద్యోగం, మళ్ళీ అపార్ట్‌మెంట్. తన ఇష్టాన్ని పంచుకునే పదిమంది పెద్దవాళ్ళు పరిచయమైతే అది మీకే ధైర్యం. వాండర్‌ఫుల్ లాంటి సంఘాలకి నగరాల వారీగా చాప్టర్లు, అంటే స్థానిక శాఖలు, ఉన్నాయి, సదస్సు ముగిశాక కూడా కలుస్తుంటారు. అక్కడ తనలాంటివాళ్ళు ఎక్కువగా కనిపించకపోవచ్చు, మొదటిరోజు కాస్త బెరుకుగా ఉండొచ్చు. ఈవిటా రాబిన్సన్ అనే ఆవిడకి కూడా ప్రయాణాల లోకంలో తనలాంటి నల్లజాతివాళ్ళు కనబడలేదు. 2011లో నోమాడ్‌నెస్ అనే సంఘం తనే మొదలుపెట్టింది. భారత పాస్‌పోర్ట్‌తో తిరిగే తెలుగమ్మాయికి వీసా అపాయింట్‌మెంట్ల దగ్గర్నుంచి చెప్పడానికి చాలా ఉంది, అవి అమెరికన్లకి తెలియవు.

కోర్సా సదస్సా అన్న మీ పోలిక మిగిలింది. డిజిటల్ మార్కెటింగ్ పాఠాలు హబ్‌స్పాట్ అకాడమీ లాంటి చోట్ల ఉచితంగానే, సర్టిఫికెట్‌తో సహా దొరుకుతాయి. సదస్సుకి ముందు నెలలో అది పూర్తి చేయమనండి, తరవాత వెళ్ళమనండి. డబ్బులు పెట్టి కోర్సు కొనవద్దు. ఇంతకంటే పోల్చడానికి ఏమీ లేదు.

ఖర్చు మాత్రం లోన్ డబ్బులోంచి తీయకూడదు, క్యాంపస్ ఉద్యోగంలో దాచుకున్నదే వాడాలి. విద్యార్థులకి టికెట్ తగ్గిస్తారా, స్కాలర్‌షిప్‌లు ఉన్నాయా అని నిర్వాహకులకి ఒక మెయిల్ పెట్టమనండి, అడగడానికి సిగ్గెందుకు. గది ఇంకో అమ్మాయితో పంచుకుంటే సగం ఖర్చు మిగులుతుంది. పరీక్షల వారంలో పడితే ఈ ఏడు మానేయాలి, అందులో బేరం లేదు. వేదిక అమెరికా బయట ఉంటే యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 పత్రం మీద ట్రావెల్ సంతకం, ఆ దేశం వీసా, తిరిగి రావడానికి తన వీసా గడువు, ఈ మూడూ చూసుకున్నాకే టికెట్ కొనాలి.

ఉత్తరం చివర డ్రోన్ కొనివ్వమంటోందని రాశారు. అది మాత్రం వద్దనండి. అమెరికా నేషనల్ పార్కుల్లో 2014 నుంచి డ్రోన్‌లు ఎగరేయడం నిషేధం. తను ఎక్కువగా తీసేవి పార్కుల వీడియోలే కాబట్టి కొన్నా పెట్టెలోనే ఉంటుంది. చేతిలో ఉన్న ఫోన్‌కి మంచి మైక్ ఒకటి చాలు.