యుద్ధం రాజుది, డబ్బు సంచి పార్లమెంట్‌ది

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి ఒక పాఠకుడు): మావాడు పోటీ పరీక్షలకి చదువుతున్నాడండి. బ్రిటన్‌లో యుద్ధం ప్రకటించేది రాజు అని ఒక గైడ్‌లో ఉందంట, 1940లో ప్రధాని చాంబర్లేన్‌ని దింపింది పార్లమెంట్ అని ఇంకోదాంట్లో ఉందంట. ఇందులో ఏది కరెక్టండి?

జవాబు: రెండూ కరెక్టేనండి. చట్టం ప్రకారం యుద్ధం మొదలెట్టే అధికారం రాజుది, ఇప్పటి లెక్కన ఆయన పేరు మీద ప్రధానిది. కానీ సైన్యానికి జీతాలెవరిస్తారు? అసలు కిటుకు అక్కడుంది. ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్ 1629 నుంచి 11 ఏళ్లు పార్లమెంట్‌ని పిలవకుండానే లాక్కొచ్చాడు, తీరా స్కాట్లాండ్ వాళ్లతో తగువొచ్చి చేతిలో డబ్బు లేకపోయేసరికి 1640లో పిలవక తప్పలేదు, ఎంపీలేమో డబ్బు సంగతి తర్వాత, ముందు మా ఫిర్యాదులు తేల్చు అని కూర్చున్నారు, అది ముదిరి 1642లో అంతర్యుద్ధం, 1649లో ఆయన తలే పోయింది. ఆ తర్వాత 1689లో బిల్ ఆఫ్ రైట్స్ అనే చట్టంలో, శాంతి రోజుల్లో పార్లమెంట్ ఒప్పుకోకుండా సైన్యం పెట్టుకోకూడదని రాయించేశారు.

అప్పట్నుంచి యుద్ధం చెడితే ముందు ఊడేది మంత్రుల పదవులే. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో యార్క్‌టౌన్ దగ్గర ఓడిపోయాక 1782 ఫిబ్రవరిలో, ఈ యుద్ధం ఇక చాలు అన్న తీర్మానం 234-215 ఓట్లతో నెగ్గింది, నెల తిరక్కుండా ప్రధాని లార్డ్ నార్త్ రాజీనామా. క్రిమియా యుద్ధంలో సైనికులు చలికీ రోగాలకీ పోతుంటే ఎంక్వైరీ వెయ్యమని ఓటేసి 1855లో ప్రధాని అబర్డీన్ సర్కారుని పడగొట్టారు.

ఇక 1940. మీవాడికి ఇది గట్టిగా చెప్పండి, చాంబర్లేన్ ఓటులో ఓడిపోలేదు, గెలిచాడు! నార్వేలో జర్మన్ల చేతిలో దెబ్బతిన్నాక మే 7, 8 తేదీల్లో చర్చ జరిగింది, అడ్మిరల్ కీస్ అనే ఎంపీ ఫుల్ యూనిఫాంలో, మెడల్స్‌తో సహా వచ్చి సొంత పార్టీ ప్రభుత్వాన్నే ఉతికేశాడు. ఓట్లు 281-200. 200 పైన ఉండాల్సిన మెజారిటీ 81కి పడింది, సొంతవాళ్లే కొందరు ఎదురు ఓటేశారు, ఇంకొందరు అసలు వెయ్యలేదు. 10న ఆయన దిగిపోయాడు. తమాషా ఏంటంటే నార్వే వ్యవహారం చూసిన నౌకాదళ మంత్రి చర్చిలే, ప్రభుత్వం తరఫున చివర్లో వాదించిందీ ఆయనే, ప్రధాని అయిందీ ఆయనే. రాజకీయం అంటే అంతేనండి.

ప్రశ్న (రాయగడ నుంచి ఒక విద్యార్థిని): సార్, మరి మన సర్కారు జిల్లాల్లో ఫ్రెంచి వాళ్లని తరిమినప్పుడు కూడా లండన్‌లో ఓటు జరిగిందా?

జవాబు: లేదమ్మా. విజయనగరం రాజు ఆనంద గజపతి పిలిస్తే ఈస్టిండియా కంపెనీ తరఫున బెంగాల్‌లో ఉన్న క్లైవ్ అక్కణ్ణుంచి కల్నల్ ఫోర్డ్‌ని పంపాడు, 1758 డిసెంబర్‌లో చందుర్తి దగ్గర ఫ్రెంచి వాళ్లు ఓడారు, తర్వాతి ఏప్రిల్‌కి మచిలీపట్నం కూడా వాళ్ల చెయ్యి జారింది. లండన్‌కి కబురు ఓడలో పోవాలంటేనే నెలలు పట్టే రోజులవి. పైగా అది కంపెనీ సైన్యం, కంపెనీ ఖర్చు, కాబట్టి ఎంపీలని అడగాల్సిన పనే పడలేదు. అడగాల్సి వచ్చింది తర్వాత, కంపెనీ అప్పుల్లో మునిగి ప్రభుత్వం దగ్గర చెయ్యి చాచినప్పుడు. అప్పు ఇచ్చారు, దాంతోపాటే 1773లో రెగ్యులేటింగ్ యాక్ట్ పెట్టి, బొంబాయి, మద్రాసు వాళ్లు మామూలుగా కలకత్తా గవర్నర్ జనరల్‌ని అడక్కుండా యుద్ధాలకి దిగకూడదు అన్నారు. మద్రాసు అంటే అప్పట్లో మీ జిల్లాలు కూడా అందులోవే అనుకో.