ఆ ఐదు దెబ్బల దగ్గర ఆగు

చిరంజీవికి ఆశీస్సులు.

బీథోవెన్ వయొలిన్ కాన్చెర్టో (ఆర్కెస్ట్రా తోడుగా ఒక్క వయొలిన్ ముందు నిలిచి వాయించే రచన) రికార్డింగ్ మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. "అమృతధార", "గంధర్వగానం", "మనసు ఎక్కడికో వెళ్లిపోయింది". ఈ మూడూ మొదటి పేజీలోనే ఉన్నాయి. నీకెంత నచ్చిందో అర్థమైంది గానీ, నువ్వు ఏం విన్నావో తెలియలేదు. ఈ మాటలు సన్నాయికీ సరిపోతాయి, వేణువుకీ సరిపోతాయి.

మళ్లీ మొదటి నుంచి పెట్టుకుని విను. వయొలిన్ కంటే ముందు, ఆర్కెస్ట్రాలో ఎవరికంటే ముందు, టింపని, అంటే నగారా లాంటి డోలు, ఒక్కటే మెల్లగా మోగుతుంది. నాలుగు దెబ్బలు. ఐదోది పడేసరికి ఓబోలు, క్లారినెట్లు, బసూన్లు అనే ఊదే వాద్యాలు అందుకుంటాయి. ఐదు దెబ్బలూ పాశ్చాత్యులు డి అనే స్వరమే. 1806 డిసెంబరులో వియన్నాలో ఫ్రాంజ్ క్లెమెంట్ దీన్ని మొదటిసారి వాయించిన రాత్రి, వయొలిన్ కోసం వచ్చి కూర్చున్నవాళ్లకు ఈ రచనలో ముందుగా వినబడింది ఈ దెబ్బలే. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఎడం ఎంతో చూడు. ఆ రికార్డింగ్ టెంపో, అంటే నడక వేగం, నీకు అక్కడే దొరుకుతుంది.

మొదటి మూవ్‌మెంట్‌కి, అంటే రచనలోని మొదటి భాగానికి, బీథోవెన్ పెట్టిన గుర్తు "అల్లెగ్రో మా నాన్ త్రొప్పో". చురుగ్గా, కానీ మరీ ఎక్కువ కాకుండా అని. ఈ "మరీ ఎక్కువ" ఎంత అన్నదగ్గరే ఒక్కో కళాకారుడూ ఒక్కో దారి పట్టాడు. 1955లో యాషా హైఫెట్జ్, బోస్టన్ సింఫనీతో చార్లెస్ మున్ష్ నిర్వహణలో వాయించిన ఈ మూవ్‌మెంట్ 21 నిమిషాల లోపే ముగుస్తుంది. 1979లో ఇంకా టీనేజ్ దాటని ఆన్-సోఫీ ముటర్, కరయాన్ నిర్వహణలో వాయించింది 26 నిమిషాలు దాటుతుంది. చిన్నపిల్ల కదా, పరుగెత్తిస్తుందనుకుంటాం. ఆ నిదానం వింటే ఆశ్చర్యం వేస్తుంది.

అయితే మొత్తం నిమిషాలు చూసి తీర్పు చెప్పకు. అందులో కెడెంజా, అంటే ఆర్కెస్ట్రా ఆగిపోగా వయొలిన్ ఒక్కటే తన నేర్పు చూపే చోటు, కలిసి ఉంటుంది. బీథోవెన్ ఈ వయొలిన్‌కి కెడెంజా రాయలేదు, తర్వాతివాళ్లు రాసినవి వాయిస్తారు, వాటి పొడుగు వేరువేరు. నేను చేసేది చెబుతాను. సోలో వయొలిన్ 89వ బార్‌లో (బార్ అంటే మన తాళావర్తం లాంటిది) గానీ రాదు. అంతవరకు 88 బార్లు, బార్‌కి నాలుగు చొప్పున 352 తాళపు దెబ్బలు. వయొలిన్ లేచే క్షణం గడియారం చూడు. 3 నిమిషాల 12 సెకన్లకు వచ్చిందనుకో, సగటున నిమిషానికి 110. ఈ లెక్క వ్యాసంలో రాయనక్కర్లేదు. కానీ ఇది చేతిలో ఉంటే "నిదానం" అన్న మాట ధైర్యంగా వాడతావు.

ఈ ధైర్యం నాకు దెబ్బ తిన్నాకే వచ్చింది. నీ వయసులో ఇదే కాన్చెర్టో ఎల్పీ మీద ఒక వ్యాసం రాశాను. "ఉరకలు వేసే వేగం, మెరుపులాంటి స్వరం" అన్నాను. అచ్చయింది. పక్కింట్లో వయొలిన్ నేర్పే పెద్దాయన ఉండేవారు. అది చదివి, వయొలిన్ పట్టుకుని మా ఇంటికి వచ్చారు. రికార్డు పెట్టమన్నారు. టింపని మోగగానే తన డి తీగ మీటి, "కలవడం లేదు నాయనా, ఇది అరస్వరం పైనుంది" అన్నారు. నా ప్లేయర్ నిమిషానికి 33⅓ సార్లు తిరగాల్సింది 35కి పైగా తిరుగుతోంది. నూటికి ఆరు వంతులు వేగం పెరిగితే శ్రుతి అరస్వరం పెరుగుతుంది. 25 నిమిషాల మూవ్‌మెంట్ నిమిషంన్నర తగ్గుతుంది. నేను పొగిడిన మెరుపు వయొలిన్‌ది కాదు, మోటారుది. ఆ వాయించినాయనకు నేను చేసిన అన్యాయం ఇప్పటికీ బాధపెడుతుంది. అందుకే ఏ రికార్డింగ్ అయినా ముందు శ్రుతి సరిచూసుకుంటాను. నువ్వూ చూసుకో. పాతకాలపు వాద్యాలతో చేసినవి కాస్త కింది శ్రుతిలో ఉండొచ్చు. అది కీ, అంటే రచనకు ఆధారమైన షడ్జమమూ స్వరాల వరసా, మారడం కాదు.

ఇక కీ సంగతి. డి మేజర్ అని రాసి వదిలేశావు. వయొలిన్ తీగలు జి, డి, ఎ, ఇ. డి మేజర్‌లో షడ్జమం డి, పంచమం ఎ, రెండూ ఒత్తని తీగలే. వేలు వేరేచోట ఉన్నా అవి కింద నుంచి తోడు పలుకుతుంటాయి. ఆ నిండుతనం అక్కడిది. మనవాళ్లు మేజర్ అనగానే "మన శంకరాభరణమే" అంటారు. స్వరస్థానాల వరకు నిజం. గమకం లేదు, ఆ నడక లేదు కనుక అక్కడితో ఆపు. కానీ ఆ చెవి ఒకచోట నీకు బాగా పనికొస్తుంది. పదో బార్‌లో మొదటి వయొలిన్లు టింపని లయనే అందుకుని, మెల్లగా, డికి అరస్వరం పైనున్న డి షార్ప్ మీద నాలుగుసార్లు పలుకుతాయి. శంకరాభరణంలో హాయిగా కూర్చున్నవాడికి శుద్ధ రిషభం వినిపించినట్టే. కింద తోడు స్వరం ఒక్కటీ ఉండదు. ఎక్కడికి పోతుందో తెలియదు. నాకు ఇప్పటికీ అక్కడ ఊపిరి ఆగుతుంది. నీ వ్యాసంలో అది లేదు.

మూడ్ కోసం వేరే పేరా పెట్టకు. "ప్రశాంతం" అని నువ్వు రాసింది నిజమే, కానీ ఆ ప్రశాంతత మధ్య ఈ అన్యస్వరం ఉంది, అన్నిటి కిందా ఆ దెబ్బలు నడుస్తున్నాయి. ఇవి చెప్పు చాలు, చదివేవాడికి మూడ్ అందుతుంది.

ఒక పని చేసి పంపు. కెడెంజా ఎంతో ఆర్భాటంగా సాగి ముగుస్తుంది.  అప్పుడు వయొలిన్, అంతవరకు ఆర్కెస్ట్రాకే వదిలేసిన, ఈ మూవ్‌మెంట్‌లోని రెండో ముఖ్యమైన పాటను తొలిసారి మొత్తంగా తను అందుకుంటుంది, కింది రెండు తీగల మీద, చాలా మెల్లగా. చుట్టూ ఆర్కెస్ట్రాలోని తీగవాద్యాలను మీటుతుంటారు, అంతే. నీ దగ్గరున్న రికార్డింగ్‌లో ఆ చోట టెంపో ఏమవుతోంది? కెడెంజాకి ముందున్న నడకే తిరిగి వచ్చిందా, ఇంకా తగ్గిందా? నాలుగైదుసార్లు విని, ఒక్క పేజీ రాయి. వచ్చే ఆదివారంలోగా అందితే సంతోషం.

ఆశీస్సులతో.