క్యాన్సర్ పరిశోధన సంస్థను డాక్టర్లే నడపాలా?

మీరు అడిగింది ఇదీ: ఒక స్వచ్ఛంద క్యాన్సర్ పరిశోధన సంస్థకు చందా పంపుదామని వాళ్ల టీమ్ వివరాలు చూశారు. పైస్థాయిలో ఒక ఎంబీఏ, ఒక లాయరు, ఇంతకు ముందు సబ్బుల కంపెనీలో మార్కెటింగ్ చేసినావిడ ఉన్నారు. సైంటిస్టు ఒక్కరే కనిపించారు. వీళ్ల చేతిలో డబ్బు పెట్టొచ్చా అని మీ అనుమానం.

పెట్టొచ్చు. అందరూ డాక్టర్లే ఉన్న సంస్థ అయితేనే నేను కాస్త వెనకాడతాను. డాక్టర్లకు కోపం వస్తే రానివ్వండి. బ్యాంకులో రిటైరయ్యాక మా గోదావరి జిల్లాలో ఒక చిన్న క్యాన్సర్ ట్రస్టుకు కోశాధికారిగా ఉంటున్నాను. ఆ చనువుతో చెప్తున్నాను.

బ్రిటన్‌లో క్యాన్సర్ రీసెర్చ్ యూకే అనే స్వచ్ఛంద పరిశోధన సంస్థ ఉంది కదా. 2002లో రెండు పాత సంస్థలు కలిసి అది పుట్టినప్పుడు పగ్గాలు పట్టినవాళ్లలో పాల్ నర్స్ ఒకరు. అంతకు ముందు ఏడాదే నోబెల్ అందుకున్న మనిషి. అంతకన్నా పెద్ద సైంటిస్టును ఎక్కణ్నుంచి తెస్తారు? ఆయన 2003లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెలర్ యూనివర్సిటీకి వెళ్లిపోయారు. 2007 నుంచి 2018 దాకా నడిపింది హర్పాల్ కుమార్. చదివింది కెమికల్ ఇంజనీరింగు, పనిచేసింది మెకిన్సీ అనే కన్సల్టింగ్ కంపెనీలో, ఆ తర్వాత వికలాంగుల కోసం ఉన్న ఒక ట్రస్టులో. ఆయన తర్వాత వచ్చిన మిషెల్ మిచెల్ వృద్ధుల సంస్థలోనూ, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు కోసం ఉన్న సంస్థలోనూ చేసి వచ్చారు. ఇద్దరిలో ఎవరూ క్యాన్సర్ సైంటిస్టు కారు. సంస్థేమీ మునిగిపోలేదు.

ఇంకా వెనక్కి వెళ్తే అమెరికాలో మేరీ లాస్కర్. చదివింది కళల చరిత్ర, పనిచేసింది బొమ్మల గ్యాలరీలో. 1943లో ఇంట్లో వంటమనిషికి క్యాన్సర్ అని తెలిసి, ఆ రోగం మీద పనిచేసే సంస్థకు వెళ్లి పరిశోధనకు ఎంత ఖర్చు పెడుతున్నారని అడిగింది. ఏమీ లేదన్నారు! 1913లో పేరున్న డాక్టర్లు, వ్యాపారులు కలిసి పెట్టిన సంస్థ అది. ముప్పై ఏళ్లుగా ఈ ప్రశ్న అందులో ఒక్క డాక్టరుకీ తట్టలేదా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. మేరీ, ఆమె భర్త ఆల్బర్ట్, వాళ్ల స్నేహితులు చందాలు వసూలుచేసే పద్ధతే మార్చేసి, వచ్చినదాంట్లో పావు వంతు పరిశోధనకే వెళ్లాలని పట్టుబట్టారు. ఇప్పటి అమెరికన్ క్యాన్సర్ సొసైటీ అదే. ఇంతకీ ఆల్బర్ట్ ఎవరనుకున్నారు? అడ్వర్టైజింగ్ మనిషి. ఆడవాళ్లకు లక్కీ స్ట్రైక్ సిగరెట్లు అలవాటు చేసిన ప్రకటనల వెనక ఉన్నది ఆయనే. మీరేమో సబ్బుల దగ్గరే ఆగిపోయారు.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు ఎత్తకుండా నేను ముందుకు పోలేను. అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుతోనే బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ పిల్లల లుకేమియాను, అంటే రక్త క్యాన్సర్‌ను, కొన్నాళ్లయినా వెనక్కి నెట్టొచ్చని 1948లో చూపించాడు. అదే ఏడాది ఫార్బర్ పనికి నిధులు పోగుచేసిన జిమ్మీ ఫండ్ వెనక నిలబడింది వెరైటీ క్లబ్, అంటే సినిమా హాళ్ల వాళ్లు, వినోద వ్యాపారం వాళ్లు. ఒక రేడియో ప్రసారం తర్వాత 2,31,000 డాలర్లకు పైగా వచ్చాయి. మనకు ఇది వింతగా అనిపించకూడదు. హైదరాబాద్‌లో 2000లో తలుపులు తెరిచిన బసవతారకం ఆసుపత్రి ఎన్టీఆర్ కోరిక, దాని ఛైర్మన్ బాలకృష్ణ. మందు కనిపెట్టేవాళ్లు వేరు, దానికి డబ్బు, మనుషులు, బండ్లు, కాగితాలు సమకూర్చేవాళ్లు వేరు.

బండ్లు అన్నాను కాబట్టి మా ట్రస్టు సంగతి చెప్తాను. మా అధ్యక్షుడు పేరున్న సర్జన్. ఒక కంపెనీ వాళ్లు సీఎస్ఆర్ కింద, అంటే సమాజం కోసం పెట్టాల్సిన డబ్బుతో, మామోగ్రఫీ బస్సు (రొమ్ము క్యాన్సర్ కోసం ఎక్స్‌రే తీసే బస్సు) కొనిస్తామన్నారు. ఫొటో తెచ్చారు. తెల్లటి బస్సు, పక్కన గులాబీ రిబ్బను, రిబ్బనుకన్నా పెద్ద లోగో. కమిటీలో ఉన్న డాక్టర్లు మురిసిపోయి, ఇవాళే తీర్మానం రాసేయమన్నారు.

ఆర్టీసీ గ్యారేజీలో చేసి రిటైరైన పెద్దాయన ఒకరు మా కమిటీలో ఉన్నారు. మీటింగుకు వస్తారు, బజ్జీలు తింటారు, సంతకం పెట్టి వెళ్లిపోతారు. ఆవేళ ఆయన ఆ ఫొటో చేతిలోకి తీసుకుని చక్రాల వైపే చూస్తూ, "డాక్టరుగారూ, దీని పొడుగెంతండీ?" అన్నారు.

ఎవరికీ తెలియదు.

"కాలవగట్టు మీద ఎదురుగా చేపల లారీ వచ్చిందనుకోండి, ఎవరు వెనక్కి తియ్యాలండీ?"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "హెవీ లైసెన్సున్న డ్రైవరు నెలకెంత అడుగుతాడో కనుక్కున్నారా? లోపల ఏసీ, మిషను, వాటికి జనరేటరు. డీజిలు ఎవరు పోస్తారు? మొదటి ఏడాది మెయింటెనెన్సు కంపెనీ చూసుకుంటుంది. తర్వాతో?"

పక్కనే కూర్చున్న మా నర్సమ్మగారు, ఆవిడా రిటైరైనావిడే, అందుకున్నారు. "బస్సు సంగతి తర్వాతండీ. పోయిన క్యాంపులో రొమ్ములో గడ్డ ఉందని చెప్పి పంపాం కదా, వాళ్లలో ఎవరెవరు పెద్దాసుపత్రికి వెళ్లారు?"

రిజిస్టరు తెప్పించాం. పేర్లున్నాయి, ఊళ్లున్నాయి, గడ్డ సైజు సెంటీమీటర్లలో చక్కగా రాసుంది. ఫోన్ నంబరు కాలమ్ సగం ఖాళీ. ఉన్న నంబర్లలో కొన్ని కొడుకులవి, కొన్ని పక్కింటివాళ్లవి. ఒకామె చిరునామా "రామాలయం వెనక". అంతే. సర్జన్‌గారు తీర్మానం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆ డబ్బుతో ఊళ్లు తిరిగే మనుషుల్ని పెట్టుకుంటాం, పేషెంట్లకు దారి ఖర్చులిస్తాం అని కంపెనీకి రాశాం. కుదరదన్నారు. జీతం మీద లోగో వెయ్యడానికి చోటుండదు కదా మరి. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలను లాభాల్లో 2 శాతం సమాజం కోసం పెట్టమంది గానీ, ఫొటోలో పడేవాటికే పెట్టమని ఎక్కడా అనలేదు. చివరికి ఊళ్లో రైస్ మిల్లు వాళ్లు, రొయ్యల వ్యాపారులు తలాకొంత వేసుకుంటే ఒక రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్‌ను పెట్టుకున్నాం. "రామాలయం వెనక" అంటే ఏ రామాలయమో ఆయనకు తెలుసు.

ఇదంతా సేవ, నేనడిగింది పరిశోధన కదా అంటారేమో. పరిశోధన చిక్కుపడేదీ ఇక్కడే. వైద్యం ఎంత పనిచేసిందో చెప్పాలంటే ఐదేళ్ల తర్వాత ఆ మనిషి ఎలా ఉందో తెలియాలి. అది ల్యాబులో కూర్చుంటే తెలియదు, ఎవరో ఒకరు ఇంటికి వెళ్లి కనుక్కోవాలి. కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 1981లో జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం, అంటే క్యాన్సర్ కేసులన్నీ నమోదుచేసే పని, మొదలుపెట్టినప్పుడు మద్రాసు రిజిస్ట్రీని అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో పెట్టారు. అలాంటి రిజిస్ట్రీ నిలబడేది కేసులు ఓపికగా రాసి, సరిచూసుకునే మనుషుల మీద. వాళ్ల ఫొటోలు ఏ టీమ్ పేజీలోనూ ఉండవు.

అడయార్‌ను నిలబెట్టింది డాక్టర్లే కదా అని మా సర్జన్‌గారు నాతో వాదిస్తుంటారు. నిజమే. 1954లో 12 పడకలతో మొదలుపెట్టించిన ముత్తులక్ష్మి రెడ్డి డాక్టరే, దశాబ్దాల పాటు దాన్నే ఇల్లు చేసుకున్న వి. శాంతా డాక్టరే. కానీ ముత్తులక్ష్మి రెడ్డి 1927లోనే మద్రాసు శాసనమండలిలోకి అడుగుపెట్టిన మనిషి. సర్కారుతో ఎలా మాట్లాడాలో ఆవిడకు వేరే ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ సంస్థకు దన్నుగా ఉన్నది విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ అనే మహిళా సంఘం. అలాంటి డాక్టర్లు దొరికితే నాకూ ఏ పేచీ లేదు.

ఒక్కచోట మాత్రం ఎంబీఏలు చెయ్యి పెట్టకూడదు. ఏ ల్యాబుకు డబ్బివ్వాలో తేల్చే కమిటీలో ఆ సబ్జెక్టు తెలిసిన బయటి సైంటిస్టులే ఉండాలి, దరఖాస్తు పెట్టినాయన శిష్యులు, వియ్యంకులు కాకుండా. మీరు చూడాల్సింది ఆ కమిటీ పేర్లు. నవ్వుతూ దిగిన ఫొటోలు, "విజనరీ", "ప్యాషనేట్" లాంటి మాటలు, పేరు వెనక రైలు పెట్టెల్లా వేలాడే డిగ్రీలు వదిలేయండి. ఆఫీసుకు ఫోన్ చేసి, పోయిన ఏడాది గ్రాంట్లు ఎవరు ఖరారు చేశారు, ఆడిట్ రిపోర్టు పంపుతారా అని అడగండి. విసుక్కోకుండా చెప్తే పంపండి. సబ్బుల కంపెనీ ఆవిడే ఫోన్ ఎత్తి చెప్పినా సరే.

పాత పన్ను పద్ధతిలో ఉన్నవాళ్లయితే చందా మీద పన్ను మినహాయింపు కోసం పాన్ నంబరు ఇచ్చి, దానికి సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. మా దాతలైతే పాన్ అనగానే, "నా పేరెందుకు లెండి, వెంకటేశ్వరస్వామి పేరున రాసుకోండి" అంటారు. ఆ రసీదులు చూసినప్పుడల్లా మా ఆడిటరు తల పట్టుకుంటాడు.