సొరోరిటీ అంటే పార్టీలేనా? హోవర్డ్‌లో నేను చూసింది

అమెరికాలో డిగ్రీ చదువుతున్న మీ అమ్మాయి సొరోరిటీలో (కాలేజీ అమ్మాయిలు సభ్యులుగా చేరే సంఘంలో) చేరతానంటోంది, అదంతా పార్టీల గోలే కదా, సేవ అనేది పైపై మాటేనా అని అడిగారు. అన్నీ ఒకటి కాదండీ. నేను వాషింగ్టన్‌లో హోవర్డ్ యూనివర్సిటీలో మాస్టర్స్ చేశాను. సభ్యురాలిని కాదు గానీ మా ల్యాబ్‌లో సీనియర్ ఒకావిడ ఆల్ఫా కాపా ఆల్ఫా (ఏకేఏ) అనే సొరోరిటీ మనిషి, ఆవిడ లాక్కెళ్తే వాళ్ల పనుల్లో నేనూ ఓ చెయ్యి వేసేదాన్ని.

ఈ ఏకేఏ పుట్టింది అదే క్యాంపస్‌లో, 1908 జనవరి 15న. నల్లజాతి అమ్మాయిలు కాలేజీలో పెట్టుకున్న మొదటి సొరోరిటీ ఇది. ఐదేళ్లకే లోపల పేచీ వచ్చి, బయటి సమస్యల్లోకి ఇంకా గట్టిగా దిగాలన్న 22 మంది వేరుపడి 1913 జనవరి 13న డెల్టా సిగ్మా థీటా పెట్టుకున్నారు. రెండు నెలలైనా నిండకుండానే, మార్చి 3న, వాషింగ్టన్‌లో మహిళల ఓటు హక్కు ఊరేగింపులో నడిచారు. నల్లజాతి ఆడవాళ్లను వెనక నడవమన్న ఊరేగింపు అది, అయినా వెళ్లారు!

నాకు అన్నిటికంటే నచ్చింది మిసిసిపీ సంగతి. 1935 నుంచి 1942 దాకా, ఎండాకాలాల్లో, డాక్టర్ డొరొతీ ఫెరెబీ నాయకత్వంలో ఏకేఏ వాళ్లు అక్కడి పల్లెల్లో ఆరోగ్య శిబిరాలు పెట్టారు. పత్తి తోటల యజమానులు తమ కూలీలను శిబిరాలకు పంపడానికి ఒప్పుకోలేదు, సరే మీరు పంపకపోతే మేమే వస్తామని కార్లలో మందులేసుకుని తోటల్లోకే వెళ్లారు. వేల మంది పిల్లలకి మశూచి, డిఫ్తీరియా టీకాలు వేశారు. కారు తోలుకుంటూ మిసిసిపీ వెళ్లడమంటే ఆ రోజుల్లో నల్లజాతి ఆడవాళ్లకి ప్రాణాల మీదకి తెచ్చుకోవడమే, ఆ ధైర్యం తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

నేను చూసిన పని ఇంత పెద్దది కాదు. బడిలో ఉచిత భోజనం తినే పిల్లలకి శని, ఆదివారాలు ఇంట్లో తిండి ఉండదని సంచులు కట్టేవాళ్లం. డబ్బాలన్నీ పైన రింగు పట్టుకుని లాగితే తెరుచుకునేవే ఉండాలి, ఓపెనర్ కావాల్సినవి వస్తే మా సీనియర్ వెనక్కి తీసేది. ఇంట్లో పెద్దవాళ్లు లేనప్పుడు ఏడేళ్ల పిల్లాడు ఒక్కడే తెరుచుకోవాలి కదా అనేది. ఆ బల్ల చుట్టూ స్టూడెంట్లతో పాటు రిటైరైన టీచర్లు, నర్సులు కూడా ఉండేవాళ్లు. చదువైపోయినవాళ్లకి వేరే చాప్టర్లు, అంటే శాఖలు, ఉంటాయి, సభ్యత్వం జీవితాంతం. ఇది చాలామంది మనవాళ్లకి తెలియదు.

ఇక టెన్షన్ పడాల్సిన సంగతి ఒకటుంది, హేజింగ్. అంటే మన ర్యాగింగే. దాదాపు అన్నిచోట్లా నిషేధమే, అయినా దొంగచాటుగా చేసేవాళ్లున్నారు. రహస్యంగా రాత్రిపూట రమ్మంటే వెళ్లొద్దని, ఎవరికీ చెప్పొద్దంటే ముందు మీకే చెప్పమని అమ్మాయికి గట్టిగా చెప్పండి.

దక్షిణాసియా అమ్మాయిల కోసం కూడా సొరోరిటీలున్నాయి, 1998లో టెక్సస్ యూనివర్సిటీ, ఆస్టిన్‌లో మొదలైన కాపా ఫై గామా, అదే ఏడాది హ్యూస్టన్‌లో మొదలైన డెల్టా ఫై ఒమేగా లాంటివి. ఏదైనా సరే, పేరు చూసి ఊరుకోకుండా ఆ క్యాంపస్ చాప్టర్‌ గురించి అడగమనండి: పోయిన సెమిస్టర్‌లో ఏ బడికి, ఏ ఆశ్రమానికి వెళ్లారు, ఎంతమంది వచ్చారు, ఏడాదికి ఫీజులెంత, వాటిలో బట్టలకీ ఫంక్షన్లకీ పోయేదెంత. సేవ నిజంగా చేసేవాళ్లయితే తడుముకోకుండా చెప్తారు.