రాజ్‌దూత్ 350 కార్బొరేటర్లు మార్చాలా? నా అనుభవం

మీ నాన్నగారి రాజ్‌దూత్ 350 స్లోలో (రేసు ఇవ్వకుండా ఉన్నప్పుడు) నిలబడట్లేదు, ఎడమ సిలిండర్ మిస్సవుతోంది, గుంటూరులో మెకానిక్ రెండు కార్బొరేటర్లూ మార్చేయమన్నాడు, మార్చాలా అని మీరు అడిగారు. నాదీ అదే బండి, ఉండేది విజయవాడలో. కార్బొరేటర్లు మార్పించాను కాబట్టి చెప్తున్నా: మార్చక తప్పకపోవచ్చు, కానీ విప్పి చూడకుండా మాత్రం డబ్బు పెట్టకండి.

టూ స్ట్రోక్ ఇంజన్ ఎక్కడ దొంగగాలి పీల్చినా కార్బొరేటర్ అరిగినట్టే ఉంటుంది. మీకు ఒక్క ఎడమ వైపే తేడా ఉంది కాబట్టి ముందు ప్లగ్గులు అటూ ఇటూ మార్చి చూడండి. ఈ బండికి ఒక్కో సిలిండర్‌కి స్పార్కు సమయానికి ఇప్పించే పాయింట్లు వేరు, ఎడమవాటి గ్యాప్ కూడా చూడండి. తర్వాత ఇంజన్ స్లోలో ఉండగా కార్బొరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య రబ్బరు చుట్టూ కాస్త కార్బ్ క్లీనర్ కొట్టండి. ఇంజన్ శబ్దం మారిందంటే రబ్బరు పగిలినట్టు. అదీ కాకపోతే ఎడమ చివర, ఆల్టర్నేటర్ వైపు ఉండే క్రాంక్ సీలు (క్రాంక్ పక్కనుంచి గాలి చొరకుండా ఆపే రబ్బరు). అది ఎండి గాలి లాగితే సరిగ్గా ఎడమ సిలిండరే దెబ్బతింటుంది.

ఇవన్నీ బాగుంటే అప్పుడు కార్బొరేటర్ లోపల రేసుతో పాటు పైకీ కిందికీ కదిలే స్లైడ్ బయటికి తీసి ఎండలో తిప్పి చూడండి. నా బండివి తీసినప్పుడు ఇంజన్ వైపు పూత పూర్తిగా పోయి, నిలువు గీతలు పడి ఉన్నాయి. స్ప్రింగు లేకుండా బాడీలో పెట్టి కదిపితే టకటక కొట్టుకున్నాయి. ఆ సందులోంచి గాలి పోతుంటే ఎయిర్ స్క్రూ ఎంత తిప్పినా స్లో నిలబడదు. బాడీ కూడా అరిగాక కొత్త స్లైడ్ ఒక్కటే వేసినా లాభం లేదు. స్లైడ్ బిగుతుగానే ఉండి, సగం రేసులో ప్లగ్గు నల్లబడి మైలేజీ పడిపోతుంటే మాత్రం స్లైడ్‌కి వేలాడే సూది (నీడిల్), అది దిగే నీడిల్ జెట్ మారిస్తే చాలు, అది చిన్న ఖర్చు.

ఆటోనగర్‌లో లేత్ పనివాళ్లు పాత బాడీకి లోపల స్లీవ్ (పలచని గొట్టం) వేస్తామన్నారు. నేను వద్దన్నాను. స్లీవ్ వెంట్రుకవాసి తేడా వచ్చినా స్లైడ్ పైనే ఇరుక్కుని రేసు దిగదు. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో అలా జరగడం ఊహించుకోలేను.

కొంటే రెండూ కలిపి కొనండి, పాత బాడీ మీదున్న సైజే చూసుకోండి. ఈ కార్బొరేటర్ల కంపెనీ మికుని; దాని అసలు జెట్ (పెట్రోల్ కొలిచి వదిలే చిన్న రంధ్రం ముక్క) మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటుంది. కొత్తవాటితో వచ్చిన జెట్ల నంబర్లు పాతవాటితో పోల్చకుండా బిగించనివ్వకండి. ఈ బండిలో వచ్చిన హెచ్‌టీ (హై టార్క్), ఎల్‌టీ (లో టార్క్) ఇంజన్లు ఒకటి కాదు, ఎవరో చెప్పిన నంబరు మీ బండికి పనికిరాకపోవచ్చు.

అసలు పని బిగించాక మొదలవుతుంది. రెండు స్లైడ్ల కింద ఒకే సైజు డ్రిల్ బిట్లు పెట్టి, రెండూ సమానంగా వాటిని తాకేలా స్లో స్క్రూలు సర్దండి. తర్వాత హ్యాండిల్ నెమ్మదిగా తిప్పుతూ రెండు స్లైడ్లూ ఒకేసారి లేస్తున్నాయా అని వేలు పెట్టి చూడాలి. మన బండిలో రేసు కేబుల్ మూడుగా చీలుతుంది: రెండు కార్బొరేటర్లకి, మూడోది ఇంజన్‌కి టూ స్ట్రోక్ ఆయిల్ అందించే ఆయిల్ పంపుకి. కార్బొరేటర్ కేబుల్స్ సర్దాక పంపు కేబుల్ కూడా దాని గుర్తుకి కలపాలి. చాలామంది మెకానిక్‌లు ఈ ఒక్కటీ వదిలేస్తారు. పంపు వెనకబడితే రేసుకి తగ్గ ఆయిల్ అందక పిస్టన్ పట్టేస్తుంది. దగ్గరుండి చూసుకోండి, మొహమాటపడకండి.

చివరికి ప్లగ్గు రంగు చూడాలి. తెల్లవారుజామున మంగళగిరి దాటాక రోడ్డు ఖాళీగా ఉన్నచోట ముప్పావు రేసులో కాసేపు నడిపి, క్లచ్ పట్టి, అదే క్షణంలో ఇంజన్ ఆపి, పక్కకి తీసి ప్లగ్గులు విప్పండి. టీ రంగులో ఉంటే సరిపోయింది. తెల్లగా ఉంటే అదే రేసులో తోలుకుంటూ ఇంటికి రావద్దు, నిదానంగా రండి, మెయిన్ జెట్ ఒక సైజు పెంచండి. ఇప్పటి ఇథనాల్ పెట్రోల్‌తో మిశ్రమం ఇంకాస్త పలచబడుతుంది కాబట్టి నేనైతే కొంచెం ముదురు రంగు వైపే ఉంచుతాను. ఆ పెట్రోల్ నిల్వ ఉంటే తేమ పీల్చి బౌల్ (కార్బొరేటర్ కింద పెట్రోల్ నిలిచే గిన్నె) లోపల పాచి పట్టిస్తుంది, పాత రబ్బర్లని ఉబ్బిస్తుంది. బండి వారాల తరబడి తీయరనుకుంటే ట్యాంకు కింద పెట్రోల్ కాక్ కట్టేసి బౌల్స్ ఖాళీ చేసి పెట్టండి.